గొంతు మట్టం

చిన్న ఆనకట్టల సంపూర్ణ భద్రతా మండలి వారి సర్క్యులర్ జోడుగుట్టల చెరువుకు చేరిన రోజున కొమురవ్వ కట్ట మీద లేదు, కట్టలో ఉంది. ఎలుక తవ్విన బొరియలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, తడిమట్టి ముద్దలు ఒక్కొక్కటిగా లోపలికి కూరుతోంది.

కొమురవ్వ ఆ చెరువుకు లస్కరు. చెరువు కట్టనూ తూమునూ కనిపెట్టుకుని ఉండమని ప్రభుత్వం పెట్టిన మనిషి. ప్రభుత్వం పెట్టకముందు ఆ పని ఆమె తండ్రిది. నాగుంపేటలో ఎవరి పొలానికి ఏ పూట నీళ్లు వదలాలో ఆయన చెప్పేవాడు. కట్టకు చెవి ఆనించి, లోపల నీళ్లు ఎక్కడ దారి వెతుక్కుంటున్నాయో ఆయన విని చెప్పేవాడని ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. కొమురవ్వకు అంత చెవి లేదు కానీ చెయ్యి ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ కట్ట మీద ఏ బొరియనూ ఆమె బుంగ కానివ్వలేదు. బుంగ అంటే నీళ్లకు దారి దొరికిన బొరియ. బుంగ పడిందంటే ఆ తర్వాత కట్ట ఉండదు, కట్ట కింద మూడు వందల ఎకరాల వరీ ఉండదు.

ఏఈ నవనీత్ బండి దిగి కట్ట మీద నిలబడి కేకేశాడు. అసిస్టెంట్ ఇంజినీరు ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కుర్రవాడు. మంచివాడు. పైనుంచి వచ్చిన కాగితం ఏదైనా నిలబడి చదివే అలవాటు ఉంది.

"కొమురవ్వా, ముఖ్యమైన ఉత్తర్వులు. విను."

"వింటనే ఉన్న సారూ, చెయ్యొక్కటే లోపలున్నది."

నవనీత్ గొంతు సవరించుకున్నాడు.

"'గత నలుబది సంవత్సరములలో తెగిపోయిన అరువది ఏడు చిన్న ఆనకట్టలను మండలి కూలంకషముగా అధ్యయనము చేసినది. అరువది ఏడింటి యందును, తెగిన సమయమున నీరు నిల్వ ఉండినట్లు నిర్ధారణ అయినది. నీరు లేని ఆనకట్ట తెగినట్లు దాఖలా ఒక్కటియు లేదు. కావున ఆనకట్టల భద్రతకు ప్రధాన ముప్పు నీరేయని మండలి ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. సదరు ముప్పును అన్ని ఆనకట్టల నుండి తక్షణమే తొలగించవలెను.'"

కొమురవ్వ చెయ్యి బయటికి తీసింది.

"సదరు ముప్పంటే ఏంది సారూ?"

"నీళ్లు."

"చెరువుల నీళ్లుండద్దంటే మల్ల చెరువెందుకు?"

నవనీత్ కాగితం తిప్పి చూశాడు. "అదీ రాశారు. 'ఆనకట్టను నిర్మించినది కాపాడుటకే.'"

"మరి పొలాలు?"

"పొలాలు వ్యవసాయ శాఖ చూసుకుంటుంది. మనది భద్రత."

యాసంగి వరి కోతలు అప్పుడే అయిపోయాయి. చెరువులో సగానికి సగం నీళ్లున్నాయి. తూము ఎత్తేశారు. పదకొండు రోజులు నీళ్లు పోయాయి. పన్నెండో రోజున మండలి వాళ్లు వచ్చి కట్ట మీద నీలం రంగు బోర్డు ఒకటి పాతారు: 'ఈ ఆనకట్ట సంపూర్ణ సురక్షితము. ఇందు నీరు లేదు.' రోజూ నీళ్లకు వచ్చే గేదెలు ఆ బోర్డు ముందు కాసేపు నిలబడి, చదివినట్టే తలలు ఊపి, వెనక్కి తిరిగాయి.

ఎండలు ముదిరేసరికి కట్టకు పగుళ్లు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి తడి మీద బతికిన నల్లమట్టి, తడి పోగానే నోరు తెరిచింది. ముందు వేలు పట్టేంత, ఆ తర్వాత అరచెయ్యి పట్టేంత. కొమురవ్వ ఏడో తరగతి దాకా చదివింది. గుండ్రటి అక్షరాలతో దరఖాస్తు రాసింది. కట్టకు రెండు ట్రాక్టర్ల మట్టి కావాలి, తూము చక్రానికి గ్రీజు కావాలి, కట్ట మీద మొలిచిన తుమ్మలు కొట్టడానికి మనుషులు కావాలి. మూడేళ్లుగా ఇదే దరఖాస్తు రాస్తోంది. మూడేళ్లలో మొదటిసారి జవాబు వచ్చింది.

'నీరు లేని ఆనకట్టకు ప్రమాదము లేదు. ప్రమాదము లేని ఆనకట్టకు మరమ్మతు అవసరము లేదు. మరమ్మతు అవసరము లేని ఆనకట్ట ఉత్తమ ఆనకట్ట. కావున మీ దరఖాస్తును తిరస్కరించుచు, మీ ఆనకట్టకు ప్రథమ శ్రేణి మంజూరు చేయడమైనది.'

తర్వాత శిక్షణ తరగతులు పెట్టారు. జిల్లాలోని లస్కర్లందరినీ బస్సుల్లో ఎక్కించుకుపోయి చల్లటి హాల్లో కూర్చోబెట్టారు. మండలి ముఖ్య భద్రతాధికారి దక్షిణామూర్తి గారు మాట్లాడారు. తెల్లటి బట్టలు, తెల్లటి జుట్టు, ఎదుటివాళ్ల సందేహాలను దూరం నుంచే క్షమించగలిగిన చిరునవ్వు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆయన చేతి కింద ఒక్క ఆనకట్టా తెగలేదు. ఆయన చేతి కింద ఉన్నవన్నీ కాగితం మీది నక్షాలే.

"మిత్రులారా! ప్రపంచం యావత్తూ ఆనకట్టను బలపరచుట ఎట్లా అని ఆలోచిస్తున్నది. మనం ఒక అడుగు ముందుకు వేశాం. ఆనకట్టకు బలం అవసరం లేకుండా చేశాం. చనిపోయినవాడికి గుండెపోటు వచ్చిందని ఎవరైనా విన్నారా?"

చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కొమురవ్వ లేచి నిలబడింది.

"సారూ, వానొస్తేనో?"

వేదిక మీది అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత పెద్ద విధానాన్ని ఇంత జాగ్రత్తగా తయారుచేసినప్పుడు వాన సంగతి ఎవరూ లేవనెత్తలేదు. దక్షిణామూర్తి గారు చిరునవ్వు చెదరనివ్వకుండా అప్పటికప్పుడే 'వర్షాగమన నివారణ ఉపసంఘం' ఏర్పాటు చేశారు.

ఉపసంఘం నెలరోజులు కష్టపడింది. ఆనకట్టలోకి నీళ్లు రాకుండా ఎగువన ఇంకో ఆనకట్ట కట్టాలని మొదట తేల్చింది. కట్టాక దాంట్లో నీళ్లు నిలుస్తాయి కనుక దానికీ ముప్పే. అందువల్ల దానికి ఎగువన మరొకటి. అట్లా ఆనకట్ట మీద ఆనకట్ట నక్షా మీద గీసుకుంటూ పోతే, పదిహేడో ఆనకట్ట గుట్ట శిఖరం మీదికి చేరింది. దానికి ఎగువన మబ్బులు తప్ప మరేం లేవు. మబ్బులు తమ పరిధిలోకి రావని ఉపసంఘం నమోదు చేసుకుని, బాధ్యతను లస్కర్లకు అప్పగించింది. ఆనకట్టలోకి నీరు రావడాన్ని ఇకపై 'చొరబాటు' అనాలి. చొరబాటు లేదని ప్రతిరోజూ ఉదయం పది గంటలకు ఫొటోతో సహా ఫోనులో పంపాలి. చొరబాటు ఉన్నట్టయితే లస్కరు మీద చర్య.

మిరుగం కార్తె దాటిన నాలుగో రోజున జోడుగుట్టల మీద వాన విరుచుకుపడింది. ఒక్క పూటలో చెరువులోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి, తెరిచి ఉన్న తూములోంచి మరుసటి పూటకు వెళ్లిపోయాయి. ఊరి రైతులు కట్ట మీదికి వచ్చారు. ముందు ఓదెలు ఉన్నాడు. ఆరెకరాల ఆసామి, కొమురవ్వకు వరసకు అన్న, మాట్లాడితే మెడ నరాలు లేచే మనిషి.

"చెల్లె, నారు ముదురుతున్నది. ఇంకో వారమైతే అది గడ్డికే పనికొస్తది. తూము దించు."

"దించితే నా నౌకరి పోతదే అన్నా."

"దించకపోతే ఊరే పోతది గదనే!"

కొమురవ్వ కట్ట వెంబడి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచి వచ్చింది. ఆమె భయం నౌకరి గురించి ఒక్కటే కాదు. పగిలిన కట్టకు నీళ్లు ఆనిస్తే ఏమవుతుందో అక్కడ ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"దించుత," అంది చివరికి. "కని ముందుగాల కట్టకు బలం కావాలె. రేపు పొద్దుగాల ఇంటికొక మనిషి రావాలె. గడ్డపార, దిమ్మిస, తట్టలు తెచ్చుకోండ్రి. నేను చెప్పినకాడ తవ్వాలె, చెప్పినంత తవ్వాలె. నాకు ఎదురు చెప్పెటోడు ఇంటికాడనే ఉండాలె."

మూడు రోజులు పనిచేశారు. తుమ్మలను వేళ్లతో సహా పెకిలించారు. పగుళ్లను పైపైన పూడ్చనివ్వలేదు కొమురవ్వ. అడుగు కనిపించేదాకా తవ్వించి, తడిమట్టి పొర పోసి, దిమ్మిసతో కొట్టించి, మళ్లీ పొర పోయించింది. ఓదెలు ఒకచోట ఒకే పొరతో సరిపెట్టబోతే మట్టంతా మళ్లీ తీయించింది. అతని మెడ నరాలు లేచాయి కానీ నోరు లేవలేదు. తూము చక్రానికి గ్రీజు అతని ట్రాక్టరులోదే.

నాలుగో రోజు పొద్దున ఆమె తూము చక్రం తిప్పింది. జీవితంలో ఎవరి చేలో కంకి కూడా తుంచని మనిషి. ఇప్పుడేమో ఆకాశం నుంచి వాన దొంగిలించి చెరువులో దాస్తున్నట్టు అనిపించింది ఆమెకు.

పది గంటలయింది. ఫొటో పంపాలి. అబద్ధం రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అటూ ఇటూ చూసి, మండలి వాళ్లు పాతిన నీలం బోర్డుకు ఫొటో తీసి, కింద ఒక్క మాటా రాయకుండా పంపింది. 'ఇందు నీరు లేదు.' పది నిమిషాల్లో జవాబు వచ్చింది. 'నీరు లేదని ఆనకట్టయే స్పష్టముగా తెలుపుచున్నది. సంతృప్తికరము.'

అరవై రోజులు బోర్డే వెళ్లింది. ఆ అరవై రోజుల్లో నాట్లు పడ్డాయి, పైరు ఎదిగింది, చెరువు సగానికి పైగా నిండింది. అరవై ఒకటో రోజున మండలి నుంచి కొత్త ఆదేశం: బోర్డు కాదు, ఆనకట్ట లోపలి భాగం మొత్తం కనిపించేట్టు పంపాలి.

అప్పటికి చెరువులోకి ఎగువ నుంచి గుర్రపుడెక్క కొట్టుకొచ్చింది. ప్రతి ఏడూ వస్తుంది, ప్రతి ఏడూ కొమురవ్వ నలుగురిని పోగేసి పీకిస్తుంది. ఈ ఏడు కట్ట పనిలో పడి దాన్ని పట్టించుకోలేదు. అది రెండు వారాల్లో ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా పరుచుకుని, ఊదా పువ్వులు పెట్టుకుని, చుక్క నీరు కనిపించకుండా చెరువును కప్పేసింది. కొమురవ్వ కట్ట మీద నిలబడి ఫోను ఎత్తి, ఉన్నది ఉన్నట్టు తీసి పంపింది. 'ఇక అయిపాయె' అనుకుంది. అన్నం కూడా సరిగా తినలేదు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. 'ఆనకట్ట యందు ఇంతటి మనోహరమైన పచ్చికను అభివృద్ధి చేసిన లస్కరుకు అభినందనలు. జోడుగుట్టల ఆనకట్టను తొలి హరిత శుష్క ఆనకట్టగా ప్రకటించుటకు ముఖ్య భద్రతాధికారి వారు స్వయముగా విచ్చేయుచున్నారు.'

ముందురోజు నవనీత్ టెంట్ హౌస్ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. పచ్చిక మీద వంద కుర్చీలు, మధ్యలో వేదిక, ఆ పక్కన టీ. టెంట్ మనిషి మెట్లు దిగి మొదటి గుంజ నిలబెట్టబోయాడు. గుంజ పచ్చికలోకి దిగింది. దిగుతూనే పోయింది. కొనకు కట్టిన ఎర్రజెండా కూడా దిగిపోయాక, టెంట్ మనిషి ఖాళీ చేతులు చూసుకుంటూ వెనక్కి వచ్చాడు.

నవనీత్ చాలాసేపు ఆ చోటునే చూశాడు.

"కొమురవ్వా, ఈ పచ్చిక ఎంత లోతుంటుంది?"

"నడిమిట్లనైతే ఏడడుగులు ఉంటది సారూ."

అతను రాతి మెట్టు మీద కూలబడ్డాడు. "నా సంతకంతో రోజూ రిపోర్టు పోతోంది కదా."

"నేను ఒక్కనాడన్న నీళ్లు లెవ్వని రాసిన్నా సారూ? ఫొటోనే పంపిన. చూసుకున్నది మీరు."

నవనీత్ కట్ట వైపు చూశాడు. దిమ్మిస దెబ్బలకు నున్నగా బిగిసిన మట్టి, తుమ్మలు లేని వాలు. అవతలి పక్కన కనుచూపు మేర పొట్టకొచ్చిన వరి. చదువుకున్న చదువు ఒక్కసారి గుర్తుకొచ్చినట్టుంది. లేచి, టెంటును కట్ట మీద వేయమన్నాడు. "సారు పచ్చికను దూరం నుంచి చూస్తారు. దగ్గరికి పోనిస్తే కదా."

మర్నాడు పదకొండు గంటలకు దక్షిణామూర్తి గారు ముగ్గురు ఉప అధికారులతో, ఇద్దరు విలేకర్లతో దిగారు. పచ్చికను చూసి ఆయన కళ్లు చెమర్చాయి. అరగంట ఉపన్యసించారు. నీరనే శత్రువును వెళ్లగొట్టిన చోట ప్రకృతి ఎట్లా పులకించిందో వర్ణించారు. పూలదండ తీసి పక్కన పెట్టి, వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టారు.

"సార్!" అన్నాడు నవనీత్.

"నాకు షుగర్ ఉంది కదయ్యా. రోజూ అరగంట ఒట్టి కాళ్లతో పచ్చిక మీద నడవమని డాక్టరు చెప్పాడు. నగరంలో ఇంత పచ్చిక ఎక్కడ దొరుకుతుంది?"

"సార్, ఎరువు వేశాం సార్, ఇప్పుడే!"

"మంచిదే."

"పాములున్నాయి సార్!"

"పచ్చికను చూసి జంకే ఇంజినీరు ఆనకట్టను ఏం కాపాడతాడు?" అని ఆయన మేజోళ్లు మడిచి బూట్లలో పెట్టి, తూము పక్కని రాతి మెట్లు దిగి, ఆఖరి మెట్టు మీద నిలబడి, ఆకాశం వైపు చూసి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, కుడికాలు ముందుకు వేశారు.

పచ్చిక తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది.

"సారేరి?" అన్నాడు ఒక ఉప అధికారి.

"పచ్చికలో కూర్చున్నట్టున్నారు," అన్నాడు రెండోవాడు.

ఊదా పువ్వుల మధ్యలోంచి తెల్లటి తల పైకి వచ్చింది. నెత్తి మీద ఒక గుర్రపుడెక్క కూడా ఉంది. "రక్షించండి!" అంది తల.

ముగ్గురు ఉప అధికారులూ చేతిసంచుల్లోంచి భద్రతా నియమావళి తీశారు. 'ఆనకట్టలో పడిన వ్యక్తిని కాపాడు విధము' అనే అధ్యాయం కోసం వెతికారు. అందులో పడటానికి నీరు లేనందున ఆ అధ్యాయాన్ని కిందటి సవరణలో తొలగించినట్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ముగ్గురూ కలిసి ఆలోచించారు. అందరిలో పెద్దవాడికి తోచింది.

"ముప్పును తొలగించడమే మన విధానం. తూము ఎత్తండి! ఆనకట్టను ఖాళీ చేయండి! పదకొండు రోజుల్లో సారు సంపూర్ణ భద్రతకు చేరుకుంటారు."

కట్ట మీది రైతులు తూము వైపు ఉరికారు. పొట్టకొచ్చిన పైరు. ఇప్పుడు నీళ్లు పోతే గింజ కట్టదు. ఓదెలు ఒక్క దూకులో తూము గద్దె మీదికి ఎక్కి, చక్రాన్ని రెండు చేతులతో, రెండు కాళ్లతో చుట్టేసుకుని వేలాడాడు. "నన్ను కోసినంకనే దీన్ని తిప్పాలె!" ఇద్దరు అటెండర్లు అతని కాళ్లు ఊడదీయబోతే, వాళ్ల నడుములు పట్టుకుని మరో నలుగురు రైతులు లాగారు.

కొమురవ్వ మాత్రం అటు పోలేదు. మెట్లు దిగి ఆఖరి మెట్టు మీద గొంతుక్కూర్చుంది. సారు పడిన చోట నీళ్ల కింద తూము బండ ఉందని ఆమెకు తెలుసు. అక్కడ మునగాలంటే ఎవరైనా కాస్త కష్టపడాల్సిందే. దక్షిణామూర్తి గారు మోకాళ్లు మడిచి ఆ కష్టం పడుతున్నారు.

"సారూ, కాళ్లు సాపి నిలబడుండ్రి. కింద బండున్నది."

ఆయన నిలబడ్డారు. పచ్చిక గొంతు దగ్గర ఆగింది. కాస్త ఊపిరి తిరిగింది. "దిగమ్మా! చెయ్యి అందించు! బండ జారుతోంది!"

"వస్త సారూ. కని మీ కాయితమే నాకు అడ్డమున్నది. చెరువుల నీళ్లు లెవ్వని రోజు పోతున్నది. నేనిప్పుడు నీళ్లల్ల దిగితే చొరబాటు ఒప్పుకున్నట్టు, నా మీద చర్య. పెద్దసారు మీరే లోపలున్నరు. మీరే చెప్పుండ్రి, నీళ్లున్నయా లెవ్వా?"

దక్షిణామూర్తి గారు పైకి చూశారు. విలేకర్లు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఆయన మొహంలో ముప్పై మూడేళ్ల సర్వీసు ఒక్కసారి కదిలి, మళ్లీ సర్దుకుంది.

"ఇది... తేమ," అన్నారు.

"తేమనా సారూ?"

"అధిక తేమ." అంతలో ఆయన ఉలిక్కిపడ్డారు. "కాలికేదో తగిలింది!"

"కొర్రమట్ట చేప అయుంటది సారూ. ఈ తేమల మంచిగ పెరుగుతది. పండ్లుంటయి, కరుస్తది గూడ."

"నీళ్లు!" అని అరిచారు దక్షిణామూర్తి గారు. రెండు గుట్టలూ తిరిగి పలికాయి. "నీళ్లే! నీళ్లున్నాయి!"

"ఎంతున్నయి సారూ?"

"గొంతు దాకా!"

"ఏఈ సారూ, రాసుకోండ్రి," అంది కొమురవ్వ. నవనీత్ రిజిస్టరులో తేదీ వేసి, సమయం వేసి, 'నీటి మట్టం' అన్న చోట 'ముఖ్య భద్రతాధికారి గారి గొంతు వరకు' అని రాసి, నిలబడి చదివి వినిపించాడు. చదవడం పూర్తికాకముందే కొమురవ్వ చీర దోపుకుని నీళ్లలోకి దిగింది. ఆయన నడుము చుట్టూ చెయ్యి వేసి, పొలం నుంచి గడ్డిమోపు తెచ్చినంత సులువుగా మెట్ల మీదికి తెచ్చింది.

కట్ట మీద ఆయనకు తువ్వాల కప్పి, వేడిటీ ఇచ్చారు. ఆయన తడి పాదాల కింద మట్టిని బొటనవేలితో నొక్కి చూశారు. అది లొంగలేదు.

"ఎవరు పూడ్చారిది?"

"ఊరోళ్లు సారూ. నేను దగ్గరుండి చేయించిన."

"ఎన్ని పొరలు?"

"జానకొక పొర."

ఆయన తల ఊపారు. పాతికేళ్ల వయసులో, ఏదో ఊళ్లో, ఏదో కట్ట మీద ఆయన కూడా ఇట్లాగే పొరలు లెక్కపెట్టించి ఉండాలి. "బాగుంది," అన్నారు మెల్లిగా. అది సర్క్యులర్ భాష కాకపోవడంతో ఉప అధికారులు రాసుకోలేదు.

మర్నాడు పేపర్లలో వచ్చింది. మండలి అత్యవసరంగా సమావేశమై మూడు రోజులు చర్చించింది. నీరు లేదనడానికి వీల్లేదు, ముఖ్య భద్రతాధికారి వారే చూశారు. నీరు ముప్పు అనడానికీ వీల్లేదు, ముఖ్య భద్రతాధికారి వారు క్షేమంగా ఉన్నారు. నాలుగో రోజున కొత్త సర్క్యులర్ వెలువడింది.

'ఆనకట్ట యందు సంబంధిత అధికారి గొంతు మట్టము వరకు నీరున్నను ప్రమాదము సంభవించదని ప్రత్యక్ష ప్రయోగము ద్వారా నిరూపితమైనది. కావున ఇకపై సదరు మట్టము వరకు నీటిని నిల్వ చేయవచ్చును. మించరాదు. ప్రతి సంవత్సరము వర్షములకు ముందు సంబంధిత అధికారి స్వయముగా విచ్చేసి గొంతు మట్టమును గుర్తించవలెను.'

నీళ్లుండవచ్చని తేలింది కనుక కట్టకు మరమ్మతు అవసరమని కూడా తేలింది. వారం తిరక్కుండా రెండు ట్రాక్టర్ల మట్టి, ఒక డబ్బా గ్రీజు దిగాయి. కొమురవ్వ మండలి నుంచి వచ్చిన ఆ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. మూత తీసి వాసన కూడా చూసింది. నిజం గ్రీజే. ఆ ఏడు వరి బాగా పండింది. దక్షిణామూర్తి గారికి ప్రమోషన్ వచ్చి వంతెనల భద్రతకు వెళ్లారు. కూలిన వంతెనలన్నిటి కిందా ఏరు ఉన్నట్టు ఆయన అప్పటికే గమనించారని నవనీత్ చెప్పాడు.

మరుసటి ఎండాకాలం ఊళ్లో కొత్త దిగులు పట్టుకుంది. చెరువు పూర్తిగా నిండితే తొమ్మిదడుగులు. మనిషి గొంతు నాలుగున్నర అడుగుల దగ్గరుంటుంది. ఆ మట్టానికే నీళ్లు ఆపితే పైరు పొట్టకు రాకముందే చెరువు ఎండిపోతుంది. రైతులు ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు ఇచ్చారు. ఓదెలు చెబుతుంటే కొమురవ్వ రాసింది: 'మా చెరువుకు దయచేసి పొడుగు అధికారిని ఇప్పించగలరు.'

రోహిణి ఎండల్లో కొత్త అధికారి జీపు వచ్చి ఆగింది. ఊరంతా కట్ట మీద ఉంది. జీపు తలుపు తెరుచుకుంది. కాసేపు ఎవరూ కనిపించలేదు. తర్వాత జీపు అవతలి పక్క నుంచి ఒక టోపీ, టోపీ కింద మందాకిని గారు నడిచి వచ్చారు. గట్టిగా నిలబడితే ఐదడుగులు. ఓదెలు ఉన్నచోటనే కూర్చుండిపోయాడు. "నడుమంత నీళ్లు గూడ రావు చెల్లె," అన్నాడు ఏడుపు గొంతుతో.

కొమురవ్వ మేడంకు దండం పెట్టి, కట్ట చివరికి తీసుకుపోయింది. అక్కడ చెరువుకు మత్తడి ఉంది. చెరువు నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోవడానికి పాతకాలం వాళ్లు పేర్చిన రాతి గోడ. ఎండాకాలం కావడంతో గోడ మొదలు దాకా నేల ఆరిపోయి ఉంది. గోడ లోపలి వైపున ఒక పెద్ద బండ, దాని మీద ఒక రాయి చదునుగా సర్ది ఉన్నాయి. వాటిని పొద్దున్నే ఎవరో తెచ్చి పెట్టినట్టు కింద గడ్డి ఇంకా పచ్చిగా నలిగి ఉంది.

"ఇక్కడ నిలబడుండ్రి మేడం. గోడకు ఆనుకొని."

మందాకిని గారు బండ ఎక్కారు, రాయి ఎక్కారు. గొంతుకూ మత్తడి అంచుకూ ఇంకా జానెడు దూరముంది. ఆమె గోడను చూశారు, కింద రాళ్లను చూశారు, కట్ట మీద ఊపిరి బిగబట్టిన ఊరిని చూశారు. చేతిలో సర్క్యులర్ విప్పి మరోసారి చదివారు.

"మెట్ల దగ్గర కాకుండా ఇక్కడే ఎందుకు నిలబడాలి?"

"సర్క్యులర్ల గొంతు ఏడుండాల్నో ఉన్నది మేడం," అంది కొమురవ్వ. "కాళ్లేడుండాల్నో లేదు."

మందాకిని గారు కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. టోపీ తీసి నవనీత్ చేతికిచ్చారు.

"ఇంకో రాయి ఉందా?"